పటం పోయింది... పొలం పోలేదు!

2008 ఎండాకాలం. విజయవాడలో ఓ మధ్యతరగతి ఇల్లు. రాత్రి పదకొండు దాటింది. ఇంజినీరింగ్ మూడో ఏడు పూర్తిచేసిన అబ్బాయి కంప్యూటర్ ముందు కూర్చుని చెమటలు కక్కుతున్నాడు. ఫ్యానేమో తిరుగుతూనే ఉంది. నల్లటి తెర మీద ఒకటే మాట... 'ఆపరేటింగ్ సిస్టమ్ దొరకలేదు'!

విండోస్ ఉన్న కంప్యూటర్లోనే లినక్స్ కూడా పెట్టుకుని, ఆన్ చేసినప్పుడల్లా కావాల్సింది ఎంచుకోవాలన్నది అతని సరదా. దాన్నే డ్యూయల్ బూట్ అంటారు. సీడీ పెట్టి, అడిగిన ప్రతి ప్రశ్నకీ 'సరే' నొక్కుకుంటూ పోయాడు. పాత పార్టిషన్ టేబుల్ చెరిపి కొత్తది రాయమంటారా అన్నచోట కూడా! తప్పు తెలిసి మధ్యలోనే ఆపేశాడు. అప్పటికే సీ, డీ డ్రైవులు రెండూ మాయం.

విండోస్‌దేముంది, మళ్లీ వేసుకోవచ్చు. కానీ డీ డ్రైవులో నానమ్మ పాటలున్నాయి. ఏడాది కిందట కన్నుమూసిన ఆవిడ పాడిన మంగళహారతులు... మనవడే మైకు పెట్టి రికార్డు చేశాడు. మరెక్కడా కాపీ లేదు.

తెల్లారగానే రిపేరు షాపుకెళ్తే, 'ఫార్మాట్ కొట్టేద్దాం, కొత్తదానిలా పనిచేస్తుంది' అన్నాడతను. అబ్బాయికి గుండె జారింది. ఇంటికొచ్చి కాలేజీ సీనియర్‌కి ఫోన్ చేశాడు. 'ఆ డిస్కు మీద ఒక్క అక్షరం కూడా రాయకు. నేనొస్తున్నా' అన్నాడు సీనియర్.

"అసలేం పోయింది బాబూ?" కాఫీ అందిస్తూ అడిగారు నాన్న. ఆయన సర్వే శాఖలో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు.

"డిస్కు మొదట్లో 512 బైట్ల గడి ఒకటుంటుంది అంకుల్. అందులో 64 బైట్లే ఈ టేబుల్. ఏ డ్రైవు ఎక్కడ మొదలై ఎంతదాకా ఉందో అందులో రాసి ఉంటుంది. అది చెరిగితే కంప్యూటర్‌కి దారి తెలీదు."

"అంటే పటం పోయింది, పొలం పోలేదు. హద్దురాళ్లుంటే మళ్లీ కొలుచుకోవచ్చుగా!"

సీనియర్ నవ్వాడు. అతను తెచ్చిన సీడీలో ఉన్నది సరిగ్గా ఆ పనిచేసేదే... టెస్ట్‌డిస్క్. ఫ్రాన్స్‌కు చెందిన క్రిస్టోఫ్ గ్రెనియర్ రాసిన ఉచిత ప్రోగ్రామ్. ప్రతి పార్టిషన్ మొదట్లోనూ దాని గుర్తులు కొన్ని ఉంటాయి. డిస్కంతా గాలించి వాటిని పట్టుకుంటుంది. 'రాయి' అని మనం చెప్పేదాకా దేన్నీ మార్చదు.

హార్డ్‌డిస్కును కదిలించకుండా సీడీతోనే కంప్యూటర్ ఆన్ చేశారు. వెతుకులాట మొదలైంది. కాసేపటికి రెండు వరసలు తేలాయి. రెండోదాన్ని తెరిస్తే ఫోల్డర్ల జాబితా... అందులో 'నానమ్మ'! ముందు ఆ పాటల్ని వేరే డిస్కులోకి ఎక్కించాకే టేబుల్ రాయించారు. మళ్లీ ఆన్ చేస్తే విండోస్ మామూలుగా వచ్చింది.

ఇప్పటి కంప్యూటర్లలో ఎక్కువగా ఉండే జీపీటీ పద్ధతిలో టేబుల్‌కి నకలొకటి డిస్కు చివర కూడా ఉంటుంది. అయినా పాత ఫైళ్ల మీద కొత్తవి పడితే, డిస్కే పాడైతే ఏ నకలూ కాపాడలేదు. అలాంటప్పుడు తొందరపడి ఏదో ఒకటి నొక్కడంకన్నా చేతులు కట్టుకుని కూర్చోవడమే మేలు.

ఆ రాత్రి హాల్లో నానమ్మ గొంతు వినిపించింది. పాట అయ్యేదాకా ఎవరూ మాట్లాడలేదు. చివరికి నాన్నే అన్నారు...

"మా ఆఫీసులో పటానికి నకలు తీశాకే బీరువాకి తాళం వేసేవాళ్లం. రేపు రెండు సీడీలు కొనుక్కురా. ఒకటి మనింట్లో, ఒకటి అక్కావాళ్లింట్లో!"