కుట్టు డబ్బా

వీర్నపల్లిలో మా ఇంటి అరుగు మీద మేమిద్దరు అక్కాచెల్లెళ్లం కుట్టుపని నేర్పడం మొదలుపెట్టిన రోజునే ఒక తప్పు చేశాం. నేర్చుకోవడానికి వచ్చిన వారందరి చేతిలో ఒక చీటీ పెట్టాం. రెండు రకాల కత్తెరలు, ఎంబ్రాయిడరీ ఫ్రేము, రంగుకొకటి చొప్పున డజను దారపు రీళ్లు, ఇలా పద్నాలుగు వస్తువులు. "ఇవి తెచ్చుకుంటేనే పాఠం" అని కూడా అన్నాం. మరునాడు ఒక చెల్లెలు రాలేదు.

మా సిరిసిల్ల వైపు సంగతి మీకు తెలిసే ఉంటుంది. మగవారు సాంచాల మీద, ఆడవారు బీడీల చాట ముందు. ఈ చెల్లెలి భర్తకు సాంచాల పని సరిగా దొరకడం లేదు. ఆమెకేమో దగ్గు పట్టుకుంది. పొగాకు దుమ్ముకు దూరంగా ఉండమని డాక్టరు చెప్పాడట. ఉండాలంటే చేతికి మరో పని కావాలి గదా! అందుకే మా అరుగెక్కింది. మూడోనాడు వాళ్లింటికి వెళ్లి అడిగితే, "చీటీల ఉన్నయన్నీ కొనాలంటె ఎన్ని బీడీలు చెయ్యాలె అక్కా?" అన్నది. కోపంగా కాదు, లెక్క అడిగినట్టే అన్నది. మా దగ్గర జవాబు లేదు.

చాటలోని వస్తువులు చూపించి, "కత్తెర ఉన్నది, దారం ఉన్నది. సూది ఒక్కటి కొంటె సాలదా?" అని అడిగింది. చాలదనే చెప్పవలసి వచ్చింది. తునికాకు కోసి కోసి మొద్దుబారిన కత్తెర బట్టను కోయదు, నములుతుంది. బీడీ దారం బీడీకి రెండు చుట్లు తిరిగి నిలవడానికే గాని, చంక దగ్గర కుట్టు ఆపడానికి పనికిరాదు. అయితే దారాన్ని ఎంత లాగితే బిగుస్తుందో, ఎక్కడ తెగుతుందో ఆమె వేళ్లకు మాకన్నా బాగా తెలుసు. ఆ సంగతి మా చీటీలో ఎక్కడా లేదు.

ఆ రాత్రి చీటీ చించేసి కొత్తది రాశాం. డబ్బు పెట్టవలసింది ఒక్క కత్తెర మీదనే. దాని పిడికి ఎర్రగుడ్డ పీలిక కట్టాలి, బట్టకు తప్ప మరి దేనికీ ముట్టనీయరాదు. చేతి సూదులు ఒక పొట్లం. అంకె చూసి కొనండి: చేతి సూదికి అంకె పెరిగితే సన్నం, మిషను సూదికి అంకె పెరిగితే లావు. ఈ తిరకాసు తెలియక మేమే ఒకసారి తప్పు సూదులు కొన్నాం. దారం తెలుపు, నలుపు, ఇంట్లో బట్టలకు సరిపోయే మరో రంగు చాలు. సరిగ్గా అదే రంగు దొరకకపోతే కాస్త ముదురుది తీసుకోండి. రీలు మీద ముదురుగా కనిపించే దారం బట్ట మీద ఒంటి పోగైనప్పుడు లేతగా అగుపిస్తుంది. మా సాంచాల మీద పాలిస్టర్ బట్ట ఎక్కువ, 2017లో మొదలైన బతుకమ్మ చీరలు ఎక్కువగా నేసింది కూడా ఇక్కడే. అలాంటి బట్టకు పాలిస్టర్ దారమే మేలు. నూలు దారం ఉతుకులో కుంచించుకుపోతే కుట్టు ముడతలు పడుతుంది. ఎక్కించే దారం మూర పొడవు మించితే చిక్కుపడుతుంది.

అరవై అంగుళాల టేపు ఒకటి, గుండుసూదులు కొన్ని. మిగతాదంతా ఇంట్లోదే. చాక్ ముక్కకు బదులు అరిగిపోయిన సబ్బుపలుక, ముదురు బట్ట మీద చక్కగా గీత పడుతుంది, ఉతికితే పోతుంది. చినిగిన చొక్కాల గుండీలు, పాత రవికల హుక్కులు. అన్నీ పెట్టుకోవడానికి బిస్కెట్ల డబ్బా.

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో యొప్పేలోని దొర్కా గురించి చదువుతాం. ఆమె కుట్టిన అంగీలను, వస్త్రాలను విధవరాండ్రు ఏడుస్తూ పేతురుకు చూపించారు. ఆమె దగ్గర ఏయే పనిముట్లు ఉండేవో మాత్రం అక్కడ లేదు. ఆ చీటీ రాసిన రోజు మాకిది గుర్తుకు రాలేదు.

ఆ చెల్లెలు మళ్లీ వచ్చింది. కొడుకు బడి చొక్కా జేబు మొదటి పని. మూడుసార్లు విప్పించాం, నాలుగోసారి నిలిచింది. ఇప్పుడు ఇరుగుపొరుగు చీరలకు ఫాల్ కుడుతున్నది, పగలు సగం ఇంకా బీడీలే. చాట మూలకు చేరలేదు. దగ్గు కొంచెం తగ్గిందని అంటున్నది గాని, మేము నమ్మడం లేదు.

నిన్న డబ్బా చంకనెత్తుకొని వచ్చింది. "ఎర్రపీలిక కట్టినా గూడ మా పిలగాడు గా కత్తెరతోనే పతంగి కాయితం కోసిండక్కా!" అని ఒకటే గోల. శనివారం సాన పెట్టించడానికి ముగ్గురం కలిసి సిరిసిల్ల వెళుతున్నాం.