పాత పేరు, కొత్త కుక్క

కళాశాల పత్రికలో కుక్కను గూర్చి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. అయినను మనిషి అభిరుచి ఒక ప్రాణి శరీరమును ఎంతగా మార్చగలదో తెలిసికొనుటకు బుల్‌డాగు చరిత్రను మించిన ఉదాహరణము మాకు కనిపించలేదు.

బుల్ అనగా ఆబోతు. ఇంగ్లండులో శతాబ్దాల తరబడి ఆబోతును గుంజకు కట్టి, దానిపైకి కుక్కలను ఉసిగొల్పి వినోదించెడివారు. కుక్క నేలబారుగా చొచ్చుకొనిపోయి ఆబోతు ముక్కును కరచి పట్టవలెను. ఎంత విదిలించినను విడువరాదు. ఆ పనికై గట్టి దవడ, వెడల్పాటి ఛాతీ, చురుకైన కాళ్లు గల వాటినే ఏరి పెంచిరి. 19వ శతాబ్ది ఆరంభము నాటి 'క్రిబ్, రోజా' అను రెండు కుక్కల చిత్రమును చూచినచో, అవి నేటి బుల్‌డాగుకు పూర్వులనిన నమ్మబుద్ధి కాదు.

1835లో బ్రిటిష్ పార్లమెంటు ఆ క్రూర వినోదమును నిషేధించినది. మంచి చట్టమే. కాని పని పోయిన కుక్క ప్రదర్శనలకు చేరినది. అచట పొట్టి ముక్కుకు, పెద్ద తలకు, ముఖముపై ముడుతలకు మెప్పు లభించినది. పెంచువారు వాటినే పెంచిరి. తుదకు ఊపిరి సరిగా ఆడదు. పిల్లల తలలు పెద్దవి, తల్లి కటి ఇరుకు. కాన్పులలో అత్యధిక భాగము శస్త్రచికిత్సతోనే జరుగుచున్నవి.

మా పొరుగింట ఇట్టి బుల్‌డాగు ఒకటి ఉండెడిది. వైశాఖమాసపు ఎండలలో కూలరు ఎదుట తడి గోనెపట్టాపై పడియుండి, రంపపు కోతవంటి చప్పుడుతో ఊపిరి తీసెడిది. వచ్చినవారు "గురక ఎంత ముద్దుగా ఉన్నదో!" అని నవ్వెడివారు. అది మేలుకొనియే యున్నదని మేము గమనించితిమి.

1971లో అమెరికాలోని పెన్సిల్వేనియాకు చెందిన డేవిడ్ లీవిట్ పూర్వపు దేహమును, పూర్వపు క్రౌర్యము లేకుండ, తిరిగి తేవలెనని పూనుకొనెను. సగము ఇంగ్లీషు బుల్‌డాగు. మిగిలిన సగములో బుల్‌మాస్టిఫ్, అమెరికన్ బుల్‌డాగ్, అమెరికన్ పిట్‌బుల్ టెర్రియర్ సమభాగములు. ఇందుకు పశువుల పెంపకములోని సంకర పద్ధతిని అనుసరించెను. తరతరమునను ఆరోగ్యమును, సౌమ్య స్వభావమును పరీక్షించి ఎన్నుకొనెను. దానికి 'ఓల్డ్ ఇంగ్లీష్ బుల్‌డాగ్' అని, పాతకాలపు వర్ణక్రమముతో, పేరు పెట్టెను. మగది 17 మొదలు 20 అంగుళాల ఎత్తు, సుమారు 27 మొదలు 36 కిలోల బరువు ఉండును. ముక్కు కొంచెము పొడవు, పరుగు తేలిక. 2014లో అమెరికాలోని యునైటెడ్ కెన్నెల్ క్లబ్ దీనిని గుర్తించినది.

పేరులోని 'ఓల్డ్' అను మాటను మాత్రము మేము అంగీకరింపజాలము. దీని రక్తములో సగము ఆ ప్రదర్శనల కుక్కదే. గతించిన జాతి గతించినది. ఇది కొత్త కుక్క. ఐనను ఆయాసపడక పరుగెత్తుటయు, కత్తి సాయము లేక ఈనుటయు దీని పెంపకమునకు లక్ష్యములుగా నిలిపిరి. మా దృష్టిలో ప్రాచీనతకంటె అదియే గొప్ప. లీవిట్ సైతము తరువాతి కాలమున తన శాఖకు ఆ పాత పేరు విడిచి, 'లీవిట్ బుల్‌డాగ్' అని పిలువసాగెను.