మా నాయన తాగుడు, మా చెల్లి చదువు

మా పల్లెలో కౌన్సెలింగ్ అనే మాటకు ఒకటే అర్థం. సీటు. ఎంసెట్ రాసిన పిల్లోడు సర్టిఫికెట్ల సంచీ చంకన పెట్టుకుని పోయేది కౌన్సెలింగుకి. నాలాంటి పంతులమ్మలు బదిలీ కోసం పొద్దున్నించీ నిలబడేదీ కౌన్సెలింగులోనే. మనిషి కెదురుగా మనిషి కూర్చుని, ఎప్పటి నుంచి తాగుతున్నావు, ఎందుకు తాగుతున్నావు అని అడిగి, చెప్పింది వినడం కూడా కౌన్సెలింగేనని, దానికి డిగ్రీ తర్వాత రెండేళ్ళ చదువుందని మా ఇంటికి తెలిసింది 2022లో. మా చెల్లి ఎం.ఎస్.డబ్ల్యూ.లో చేరినప్పుడు.

నేను ప్రభుత్వ బడిలో టీచర్ని. అమ్మ వైపూ నాయన వైపూ కలిపి డిగ్రీ పట్టుకున్న మొదటి మనిషిని. మా అమ్మ వేలిముద్ర నుంచి సంతకానికి వచ్చింది నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచిన రోజుల్లో, రాత్రిబడిలో. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డ సంగతి ఊరూరా పాకింది. మా అమ్మ నన్ను చంకనేసుకుని, చీపురు పట్టుకుని, సారా పాకెట్ల జీపుకి అడ్డం నిలబడింది. అప్పుడు నాకు నాలుగేళ్ళు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా పోయింది. 1995 జనవరిలో మద్యనిషేధమే వచ్చింది. 1997లో అదీ పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో దుకాణాలు సర్కారు చేతికి వచ్చాయి, 2024లో మళ్ళీ ప్రైవేటు చేతికి పోయాయి. దుకాణం ఎవరి చేతిలో ఉన్నా సీసా మాత్రం మా ఇంటికి దారి మర్చిపోలేదు.

ఆ ఉద్యమం గురించి ఎందరో రాశారు. రాయాల్సిందే. అది మా తల్లుల గెలుపు. కానీ అంగడి మూతపడిన మర్నాడు, పదేళ్ళుగా తాగుతున్న మనిషి ఒంట్లో ఏం జరుగుతుందో చూసే దిక్కు మా ఊళ్ళో లేదు. అమ్మ ఇప్పటికీ చెప్తాది. "సారా ఆగినాక నలుగురైదుగురికి చేతులు కొట్టుకున్నాయి మే. ఒకాయన గోడ మీద పురుగులు పాకతుండాయని కేకలేసినాడు. గాలి సోకిందని తాయెత్తులు కట్టిచ్చినాం." అది గాలి కాదనీ, ఒళ్ళు మందుకి అలవాటు పడి ఒక్కసారిగా అది అందకపోతే వచ్చే జబ్బనీ మాకు చెప్పడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. చెప్పింది మళ్ళీ మా ఇంటి పిల్లే.

1996లో మేం టౌనుకొచ్చాం. నాయన మున్సిపాలిటీ కాంట్రాక్టరు కింద కాలవలు తీసే పనిలో చేరాడు. నేను చదివింది ఆ డబ్బుతో, అమ్మ పాచిపనితో. చెల్లి చదివింది నా జీతంతో.

చెల్లి ఎం.ఎస్.డబ్ల్యూ. అన్నప్పుడు నేను వద్దన్నాను. బి.ఎడ్. చేసి డీఎస్సీ రాయమన్నాను. మా కులాల పిల్లలకి సర్కారు ఉద్యోగం తప్ప వేరే గట్టు కనబడదు. అది వినలేదు. "అక్కా, నువ్వు పిల్లలకి చెప్తావు. నేను వాళ్ళ నాయనల దగ్గరికి పోతా" అంది.

ఆ చదువేందో దాని రికార్డులు చూసి నేను తెలుసుకున్నాను. వారంలో రెండు రోజులు ఫీల్డ్‌వర్కు. మిగతా రోజులు తరగతులు. రెండో ఏడాది అది సైకియాట్రిక్ సోషల్ వర్కు తీసుకుంది. డీఅడిక్షన్ సెంటర్లో పెట్టారు. అక్కడికొచ్చిన మనిషితో మాట్లాడిందంతా, తను అడిగింది, ఆయన చెప్పింది, ఎక్కడ ఆగిపోయాడు, ఎక్కడ ముఖం తిప్పుకున్నాడు, అన్నీ రాయాలి. సూపర్‌వైజరు దగ్గర కూర్చుని ప్రతి ప్రశ్నకీ జవాబు చెప్పుకోవాలి. ఈ ప్రశ్న ఎందుకడిగావు? ఆయన కోసమా, నీ కోసమా? నేను బి.ఎడ్.లో రాసిన పాఠ్యప్రణాళికల్లో ఇంత నిజాయితీ లేదు.

తాగేవాడికి నీతులు చెప్పొద్దని ఆ చదువు చెప్తుంది. విలియం మిల్లర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1983లో రాసిన వ్యాసంతో మొదలైన పద్ధతి అట అది. నువ్వు 'మానెయ్' అని ఎంత గట్టిగా అంటే వాడు తాగుడు వైపు అంత గట్టిగా వాదిస్తాడు. మానాలనే మాట వాడి నోటి నుంచే రావాలి. వాడిలో మానాలనీ ఉంటుంది, మానలేననీ ఉంటుంది. ఆ రెంటినీ వాడి ముందు పరిచి, తొందరపెట్టకుండా కూర్చోవాలి. మా అమ్మ ముప్పై ఏళ్ళు అరిచింది, ఏడ్చింది, అన్నం పెట్టలేదు. ఆవిడకి వేరే దారి ఎవరూ చూపించలేదు.

అయితే ఆ చదువంతా ఇంగ్లీషులో ఉంది. వచ్చేవాళ్ళంతా తెలుగోళ్ళు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ పది ప్రశ్నల ఫారం ఒకటుంది, ఆడిట్ అంటారు. అందులో ఒక మామూలు రోజు ఎన్ని 'డ్రింకులు' తాగుతావని అడుగుతారు. మా నాయనకి డ్రింకు తెలీదు, క్వార్టరు తెలుసు. నేనూ చెల్లీ లెక్క వేశాం. క్వార్టరంటే 180 మిల్లీలీటర్లు. విస్కీలో ఆల్కహాలు 42.8 శాతం. అంటే దగ్గర దగ్గర 60 గ్రాములు. ఒక డ్రింకుకి 10 గ్రాముల లెక్కన, ఒక్క క్వార్టరుకి ఆరు డ్రింకులు. 'ఒక్కటేనమ్మా తాగేది' అన్న మనిషి ఫారంలో ఒకటి అని రాస్తే, ఆయన రోగం కాగితం మీద ఆరోవంతు అవుతుంది. ఈ లెక్క తెలియాలంటే క్వార్టరు సీసాలు ఏరి అమ్మిన ఇంట్లో పుట్టక్కర్లేదు. కానీ మా చెల్లికి ముందుగా తట్టింది అందుకే.

అదే మా చెల్లికి మచ్చ అయింది. మొదటి ఏడాది చివర వైవాలో, బోర్డులో కూర్చున్న ఒకాయన ఇంటి సంగతులు అడిగాడు. నాయన పని, పల్లె పేరు, తాగుడు, అన్నీ చెప్పింది. ఆయన నవ్వుతూ అన్నాడంట, "మీ దగ్గర అందరూ తాగేవాళ్ళే కదమ్మా. నువ్వు కేసుని కేసులాగా చూడలేవు. పిల్లల సంక్షేమం తీసుకో." ఆ రాత్రి చెల్లి హాస్టలు నుంచి ఫోను చేసి మాట్లాడలేదు. ఏడుపూ లేదు. ఊపిరి మాత్రం వినబడింది. తర్వాత అంది. "అక్కా, మన ఇల్లు నాకు అడ్డమా?"

ఆ ప్రశ్నకి జవాబు కోసం నేను చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ నాకు కోపం పెరిగింది. తాగుడు మాన్పించే ఈ విద్యంతా పుట్టిందే తాగుడు పడ్డ ఇళ్ళలో. 1935లో అమెరికాలో ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలుపెట్టిన ఇద్దరూ తాగుబోతులే, ఒకాయన షేర్ల వ్యాపారి, ఒకాయన సర్జను. మన పక్క మద్రాసులో శాంతి రంగనాథన్ గారు భర్తని తాగుడికి పోగొట్టుకుని, అమెరికా పోయి శిక్షణ తీసుకుని, 1980లో టీటీకే ఆసుపత్రి పెట్టారు. కౌన్సెలర్లకి శిక్షణ కూడా అక్కడ ఇస్తారు. ఆవిడ దుఃఖం ఆవిడకి అర్హత అయింది. కావాల్సిందే, అందులో నాకు పేచీ లేదు. మా పేటకి వచ్చేసరికి అదే దుఃఖం అనర్హత ఎట్టా అయింది? పెద్దిళ్ళలో తాగుడు జబ్బు. మా ఇళ్ళలో తాగుడు కులం. ఇదే గదా ఆ నవ్వుకి అర్థం?

చెల్లి మారలేదు. అదే తీసుకుంది.

2023 దసరా తర్వాత అమ్మ నాయన చేత తల మీద ఒట్టు పెట్టించింది. నాయన నిజంగానే ఆపాడు, ఒక్కసారిగా. మొదటి రోజు చేతులు వణికాయి, చెమటలు. రెండో రోజు నిద్ర లేదు. మూడో రోజు రాత్రి కాలవలోంచి ఎవరో పిలుస్తున్నారని లేచి పోబోయాడు. నన్ను గుర్తుపట్టలేదు. వాడలో పెద్దోళ్ళు తాయెత్తు అన్నారు. ఇంకొకాయన జాలితో ఒక మూత పొయ్యమన్నాడు. చెల్లికి ఫోను చేశాను. అది ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. "అక్కా, ఆటో పిలువు. సర్కారాసుపత్రికి. ఎన్నేళ్ళుగా తాగుతుండాడో, ఎప్పుడు ఆపాడో డాక్టరుకి ముందే చెప్పు. ఫిట్సు రావచ్చు. ప్రాణం పోవచ్చు." ఆసుపత్రిలో వణుకూ కలవరమూ తగ్గించే మందులు, బి1 విటమిను సూదులు పెట్టారు. పది రోజులున్నాం. మా ఊళ్ళో సారా పోయిన రోజుల్లో గోడ మీద పురుగులు చూసిన ఆయన బతకలేదని అమ్మ నాకు చెప్పింది ఆ వార్డు బయటే.

నాయన తేరుకున్నాక అమ్మ చెల్లిని పట్టుకుంది. "ఇంక నువ్వు చెప్పు ఆయనకి." చెల్లి చెప్పనంది. సొంత మనుషులకి కౌన్సెలింగ్ చెయ్యకూడదు, అది ఆ వృత్తికి కట్టుబాటు. అమ్మకి మండింది. "ఇంట్లోవాడికి చెప్పలేని చదువు ఊళ్ళోవాళ్ళకేం చెప్తాది?" చెల్లి ఓపిగ్గా అంది. "నేనడిగితే నాయన నాకు నచ్చే జవాబు చెప్తాడమ్మా. నేను కూతుర్ని. ఆయనకి కూతురు కాని మనిషి కావాలి."

అట్టాంటి మనిషి దొరికింది. వేరే కౌన్సెలరు. మూడో వారం ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, ఆయన నాయనని ఒకటే అడిగాడు. రోజులో మొదటి గుక్క ఎప్పుడు? నాయన చాలాసేపు నేల చూశాడు. "దిగే ముందు సార్. అది లేకుండా ఆ గుంతలోకి దిగలేను. వాసన కాదు సార్. ఆ నీళ్ళు నోటికి తగల్తాయి." మేం ఆయన డబ్బుతో చదువుకున్నాం. ఆ మాట ఆయన నోట మేం వినడం అదే మొదలు.

మురుగు గుంతల్లోకి రక్షణ సాధనాలు లేకుండా మనిషిని దించకూడదని 2013లో చట్టం వచ్చింది. మా నాయనని ఆ తర్వాత కూడా దించారు. కోలారు బంగారు గనుల్లో పాకీపని చేసే తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ కూడా కుర్రతనంలో తన వాడవాళ్ళ చేత తాగుడు మాన్పించాలనే బయల్దేరాడు. ఈ పని చెయ్యాలంటే తాగక తప్పదని వాళ్ళు చెప్తే, ఆ పనేందో చూడబోయి, అక్కడి నుంచి సఫాయి కర్మచారీల ఉద్యమానికి చేరాడు. సీసా గురించి అడిగినవాడు బకెట్టు దాకా పోయాడు. కౌన్సెలరు చదువుకి ఇంతకంటే మంచి పాఠం నాకు కనబడలేదు. మా చెల్లి సిలబస్సులో ఆ పాఠం లేదు. కుటుంబం ఉంది, వ్యక్తిత్వం ఉంది, స్నేహితుల ఒత్తిడి ఉంది. కులం లేదు, పని లేదు.

2019లో బయటికొచ్చిన ఎయిమ్స్ వాళ్ళ దేశవ్యాప్త సర్వే ప్రకారం తాగుడుకి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతోంది. మిగతా 37 మంది ఏ వాడల్లో ఉంటారో నేను చెప్పక్కర్లేదు. 1992లో పునరావాస మండలి చట్టం వచ్చింది. 2021 చట్టం సైకియాట్రిక్ సోషల్ వర్కర్లనీ కౌన్సెలర్లనీ అనుబంధ ఆరోగ్య వృత్తుల జాబితాలో చేర్చింది. జాబితాలో చేరడం మంచిదే. మాకు కావాల్సింది ఇంకా ఉంది. ఈ చదువు తెలుగులో కూడా చెప్పాలి. ఫీల్డ్‌వర్కు సెంటరు గోడల మధ్యనే కాదు, వాడలో, పారిశుధ్య కార్మికుల మధ్య జరగాలి. వారానికి రెండు రోజులు ఉచితంగా పనిచేసే పిల్లకి బస్సు ఖర్చులకైనా స్టైఫండు ఇవ్వాలి. చదివినాక కాంట్రాక్టు కాదు, పోస్టు కావాలి. మా చెల్లి ఇప్పుడు ఒక సెంటర్లో కాంట్రాక్టు మీద ఉంది. జీతం మూడు నెలలకోసారి వస్తుంది.

నాయన తాగుడు మానేశాడని రాసి మిమ్మల్ని సంతోషపెట్టలేను. ఆసుపత్రి నుంచి వచ్చాక రెండుసార్లు జారాడు. రెండుసార్లూ తనే సెంటరుకి నడిచిపోయాడు. గుంతలోకి దిగనని కాంట్రాక్టరుతో చెప్పేశాడు, ఇప్పుడు ఒక గోడౌనుకి కాపలా. అమ్మ ఆయన మీద అరవడం తగ్గించింది, పూర్తిగా మానలేదు.

డిగ్రీ చేస్తున్న మా పిల్లలు ఈ చదువుకి రండి. మీ ఇంటి సంగతి ఎవరన్నా మచ్చ అంటే, అది మీరు సిలబస్సు కంటే ముందే చదివిన పాఠమని చెప్పండి. సిలబస్సు కూడా గట్టిగా చదవండి. మా నాయన ప్రాణం నిలిచింది దానివల్ల. మా చెల్లి కొత్తగా వచ్చిన మనిషిని ఎంత తాగుతావని ముందు అడగదు. ఫారం పక్కన పెట్టి, "ఏం పని చేస్తావు అన్నా?" అని మొదలుపెడుతుంది.