ఏ తల్లి గుడ్డు?

కోళ్ళ మీద ఇంత పెద్ద టపా అవసరమా అని మీకు అనిపించవచ్చు. మొదలుపెట్టేటప్పుడు నాకూ అనిపించింది. అయితే కొన్ని తప్పులు కాగితం మీద పెడితే గాని మనసు కుదుటపడదు. ఇది అటువంటి తప్పొకటి.

ఉద్యోగరీత్యా నేను చాలాకాలం చింతూరులో ఉన్నాను. భద్రాచలం నుండి కుంటకు పోయే దారిలో, శబరి నది పక్కన ఉన్న ఊరది. ఒకవైపు ఛత్తీస్‌గఢ్, మరొకవైపు మారేడుమిల్లి నుండి దిగివచ్చే ఘాట్ రోడ్డు. 2014 దాకా ఖమ్మం జిల్లా, ఆపైన తూర్పుగోదావరి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. జిల్లాల పేర్లు మారుతున్నా, మా పొరుగింటి కోయ అవ్వ ఇంటి ముందు వెదురు గంపలూ, వాటి చుట్టూ తిరిగే నాటుకోళ్ళూ మాత్రం అలాగే ఉండేవి.

నేను పుట్టింది డెల్టాలో. మా వైపు పిల్లలకు అక్షరాలతో పాటే కోడిరంగులూ వచ్చేస్తాయి. నల్లనిది కాకి, తెల్లనిది సేతు, ఎర్రనిది డేగ. నలుపు, ఎరుపు, పసుపు కలిస్తే కౌజు. మెడ మీద నలుపూ తెలుపూ సమంగా ఉంటే పర్ల, ఎరుపులో బూడిద కలిస్తే మైల. ఇక నెమలి, సవల, పింగళ, అబ్రాసు... ఏ రంగు ఏ రోజున ఏ రంగు మీద గెలుస్తుందో చెప్పడానికి ఏకంగా కుక్కుటశాస్త్రమే ఉంది. పందేలను 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం నిషేధించినా, సంక్రాంతికి ముందు డెల్టా నుండి బేరగాళ్ళు కొండలెక్కి రావడం నేను ఏటా చూశాను. వాళ్ళ మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "రంగేమిటి?"

అవ్వకు ఆ రంగులన్నీ తెలుసు. బేరానికి అవసరం గనుక తెలుసు. తన పుంజును తాను ఎంచుకునేటప్పుడు మాత్రం ఆమె లెక్క వేరు. తల్లి ఎన్ని గుడ్లు పెట్టింది, ఎన్నింటిని పిల్లలు చేసింది, ఆ పిల్లల్లో ఎన్నింటిని గద్ద నుండీ ముంగిస నుండీ కాపాడింది... ఇదీ ఆమె శాస్త్రం. ఆమె పెట్ట ఒక విడతకు పెట్టేది పది, పన్నెండు గుడ్లే. అవి పూర్తికాగానే ఊకపోసిన గంపలో కూర్చుని 21 రోజులు పొదిగేది. ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా అవ్వ ఆ ఊకలో ఒక ఇనుప మేకు పెట్టేది.

ఈ కోళ్ళను పుస్తకాలు అసిల్ జాతి అంటాయి. ఆ మాటా, మనం రోజూ వాడే 'అసలు' అన్న మాటా ఒకే అరబీ మూలం నుండి వచ్చినవే. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా గుర్తుకొచ్చింది.

2019లో నేను పట్నం నుండి ఒక పుంజును తెచ్చాను. ఎక్కువ గుడ్లు పెట్టడం కోసం మెరుగుపరచిన ఒక జాతిలోనిది. నికార్సయిన డేగ రంగు, ఎండలో నిలబడితే రాగి చెంబులా మెరిసేది. అవ్వ పెట్టలలో కలుపుదామన్నాను. ఆమె దాన్ని రెక్కలెత్తి చూసింది, కాళ్ళు చూసింది.

"ఇది ఏ తల్లి గుడ్డు సారూ?"

"యంత్రంలో పొదిగిన పిల్ల అవ్వా. తల్లి ఎవరో తెలియదు. రంగు చూడు, ఎంత బాగుందో!"

"రంగుదేముంది సారూ, ఈకలు ఊడితే పోతది" అంది. అంతకుమించి ఏమీ అనలేదు. పంతులు ప్రేమగా తెచ్చాడు, కాదంటే బాగుండదు అనుకుని ఉంటుంది.

ఏడాది తిరిగేసరికి ఆ పుంజుకు పుట్టిన పెట్టలు గుడ్లకు వచ్చాయి. తల్లులకంటె ఎక్కువ గుడ్లు, తల్లుల గుడ్లకంటె ముదురు గోధుమరంగు! నేను పొంగిపోయాను. వాటిని వరుసగా పేర్చి ఏది ముదురో, ఏది లేతో చూసుకునేవాణ్ణి. ఆ ఉత్సాహంలోనే ఫ్రాన్స్ దేశపు మారాన్ కోళ్ళ గురించి చదివాను. లా రోషెల్ దగ్గర మారాన్ అనే పట్టణం పేరే వాటికి వచ్చింది. ఓడల్లో వచ్చిన పందెంకోళ్ళు అక్కడి బురదనేలల పెట్టలతో కలిసి ఆ జాతికి మూలమయ్యాయనీ, ఆ తర్వాత లాంగ్‌షాన్ జాతిని కలిపి గుడ్డు రంగు పెంచారనీ అంటారు. వాటి గుడ్లు చాక్లెట్ రంగులో ఉంటాయి. 1957 నాటి ఒక నవలలో జేమ్స్ బాండ్ ఉదయపు ఫలహారం మారాన్ గుడ్డే! ఆ రంగును కొలవడానికి ఒకటి నుండి తొమ్మిది దాకా అంకెలతో ఒక పట్టిక ఉంది. నాలుగుకు తక్కువైతే అది మారాన్ గుడ్డు కాదు. ఆ పట్టిక చూసి మురిసి, పక్కనున్న వాక్యాలు సరిగా చదవలేదు.

2022 జూలైలో గోదావరి వచ్చింది. 16వ తేదీన భద్రాచలం వద్ద 71.3 అడుగులు. 1986లో 75.6 అడుగులు వచ్చిన తర్వాత అంత నీరు రావడం అదే. గోదావరి పోటుకు శబరి వెనక్కి తన్ని ఊళ్ళోకి వచ్చింది. అందరం మెరకకు వెళ్ళిపోయాం. తిరిగి వచ్చి చూస్తే అవ్వ ఇంటి గోడల మీద ఒండ్రు గీత. నా పుంజు సంతానంలో ఆరేడు పెట్టలు చింతచెట్టెక్కి బతికాయి. పాత పెట్టలు మూడు పొదుగులో ఉండగా నీరు వచ్చింది. గంపలు వదిలిరాలేదు. ఊకలో, గుడ్ల మీద అలాగే కనిపించాయి.

అవ్వ ఏడవలేదు. ఉన్న పెట్టల గుడ్లు కూడబెట్టి, కొత్త ఊక పోసి, మేకు పెట్టి ఎదురుచూసింది. ఒక్క పెట్టా కూర్చోలేదు. ఒకటి నాలుగు రోజులు కూర్చుని లేచిపోయింది. అప్పుడు తెలిసింది మాకు. మూడేళ్ళుగా ఆ కొత్త పెట్టల గుడ్లను కూడా పొదిగినవి ఆ ముసలి పెట్టలే. అవి ఉన్నంతకాలం లోటు కనబడలేదు. ఇప్పుడు గుడ్లున్నాయి, తల్లి లేదు.

ఆ రాత్రి మారాన్ల గురించి మళ్ళీ చదివాను. గోధుమరంగునిచ్చే పదార్థం పేరు ప్రోటోపార్ఫిరిన్. గుడ్డుపెంకు తయారుకావడానికి దాదాపు 20 గంటలు పడితే, ఆ చివరి గంటలలో అది పైపూతగా చేరుతుంది. విడత సాగేకొద్దీ పూత పలచబడుతుంది. గుడ్డు లోపలి సత్తువకు ఆ రంగుతో సంబంధం లేదు. నేను వదిలేసిన అసలు వాక్యం తర్వాత వచ్చింది. గుడ్డు రంగు తల్లి నుండే కాదు, తండ్రి వైపు నుండి కూడా కూతుళ్ళకు సంక్రమిస్తుంది. పుంజు గుడ్డు పెట్టదు గనుక దాని ఈకలు చూసి ఆ గుణం చెప్పలేము. అందుకే మారాన్ పెంపకందారులు పుంజును ఎంచేటప్పుడు అది ఏ రంగు గుడ్డులోంచి వచ్చిందో చూస్తారు.

అంటే, ఏ తల్లి గుడ్డు అని అడుగుతారు!

నా డేగపుంజు ఎక్కువ గుడ్లతో పాటు, పొదగని గుణాన్నీ ఈకల కింద దాచి తెచ్చింది. గుడ్ల కోసం పెంచే జాతుల్లో పొదుగును ఏరి తీసేస్తారు. పొదిగే పెట్ట గుడ్లు ఆపేస్తుంది కదా. యంత్రం ఉన్నచోట అది తప్పు కాదు. గంప తప్ప యంత్రంలేని ఇంటికి దాన్ని తెచ్చిన తప్పు నాది.

అవ్వతో చెప్పాను. "సెప్పిన గద సారూ" అని కూడా అనలేదు. మరుసటివారం ఘాట్ మీది ఊళ్ళో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళి, ఒక పెట్టను వాటాకు తెచ్చుకుంది. ఆ కొండల్లో వాటా పాత పద్ధతి. పెట్ట ఇచ్చినవాళ్ళదే, పెంచినవాళ్ళకు పిల్లల్లో సగం. మన భాషలో చెప్పాలంటే పెట్ట అసలు, పిల్లలు వడ్డీ. నేను మూడేళ్ళు వడ్డీ లెక్కపెట్టుకుంటూ అసలు పోగొట్టాను. ఆ అసలును మళ్ళీ ఇచ్చింది వరద అందని కొండమీది ఇల్లు.

బూడిదరంగు, మెడ మీద ఈకలు రాలిన పెట్ట. ఏ శాస్త్రంలోనూ దానికి పేరు దొరకదు. వచ్చిన నెలకే పన్నెండు గుడ్ల మీద కూర్చుంది, పది పిల్లలు చేసింది. అయిదు చెల్లెలికి పంపి, మిగిలిన అయిదింటిలో ఒక పెట్టపిల్లను అవ్వ నా చేతిలో పెట్టింది. నా పుంజును అప్పటికే కూర వండుకున్నాం. దాని రుచి గురించి అడగకండి.

ఆ పెట్టకు పుట్టిన పుంజును చూసి, మరుసటి సంక్రాంతికి ఒక బేరగాడు ఆగాడు. "రంగేమిటి మాస్టారూ?" అన్నాడు. "దీని తల్లి పన్నెండుకు పది చేసిన పెట్ట కూతురండీ" అన్నాను. నన్ను వింతగా చూసి వెళ్ళిపోయాడు. గంప దగ్గర కూర్చున్న అవ్వ పకపకా నవ్వింది.

మీ ఊళ్ళలో కూడా కోళ్ళనో మేకలనో ఇలా వాటాకు ఇచ్చే పద్ధతి ఉంటే, దాన్ని ఏమంటారో తెలియజేయగలరు.