గోడమీది పత్రి

రాజమండ్రి ఇన్నీసుపేటలో మా సందు ఎంత ఇరుకంటే, ఎదురింట్లో పోపు వేస్తే తుమ్ము మా ఇంట్లో వస్తుంది. ఇలాంటి చోట చెట్లెక్కడివి, మొక్కలెక్కడివి అని ఇన్నేళ్ళూ అనుకున్నవాణ్ణి. మొన్న వినాయక చవితికి ముందురోజున ఆ అభిప్రాయం కాస్తా మార్చుకోవలసి వచ్చింది.

కారణం మా ఆవిడ. కిందటేడు బజారులో కొన్న పత్రికట్ట విప్పితే సగానికి సగం వయ్యారిభామ! పేరు సొగసుగానే ఉంది గాని, తాకితే చాలామందికి ఒళ్ళంతా దద్దుర్లు లేపే కలుపు అది. పుట్టిల్లు అమెరికా ఖండం. మన దేశంలో దాని బెడద 1950ల మధ్య పూనాలో అందరి కంటా పడింది. ఆపైన ఊరూరా పాకింది. "ఇరవయ్యొక్క పత్రుల్లో ఇది ఎన్నోదండీ?" అని ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు. అందుకని ఈ ఏడు పత్రి నేనే తెస్తానని మాటిచ్చి, పండక్కి వచ్చిన పన్నెండేళ్ళ మనుమరాలితో, చేతిసంచీతో బయలుదేరాను.

గుమ్మం దిగగానే గరిక. వీధికుళాయి చప్టా నెర్రెలో, రోజూ వందమంది తొక్కేచోట, పచ్చగా ఉంది. కరెంటు స్తంభం వెనక ఉత్తరేణి. దాని కాయలు కంకికి తలకిందులుగా అంటుకుని ఉంటాయి. పక్కనుంచి ఎవరు వెళ్ళినా సరే, పంచె అనక, చీర అనక, కుక్కతోక అనక పట్టుకుని, టిక్కెట్టు లేకుండా ప్రయాణం చేస్తాయి. మనుమరాలి పరికిణీ నిండా అవే. దులుపుకుంటూ, "తాతయ్యా, ఇప్పుడు వీటిని మనమే నాటుతున్నామన్నమాట!" అంది. నిజమే.

అక్కడే కుప్పింటాకు ఒకటి చేతికి తగిలి వేళ్ళతో ఊడివచ్చింది. అది పత్రి కాదు లెండి. కాని పక్కింటి పిల్లి పరుగున వచ్చి ఆ వేరుమీద పొర్లిన పొర్లు చూడాలి! ఆ వేరు వాసనకి పిల్లులకు మైకం వస్తుందని విన్నదే గాని, కళ్ళారా చూడటం అదే మొదలు.

సందు చివర, అన్నదమ్ముల తగాదాలో తాళం పడిన పెంకుటిల్లు ఒకటుంది. కప్పు కూలింది. వంటింట్లో, పొయ్యి ఉండవలసిన చోట, ఉమ్మెత్త పూసింది. నడవలో రేగుమొక్క. ఒకప్పుడు ఎవరో పండు తిని గింజ ఉమ్మి ఉంటారు. ఉమ్మెత్త కోసి చేతులు కడుక్కోకుండా మరో పని చేయకూడదు; నిలువెల్లా విషం. స్టేషను వైపు గోడ మొదట్లో, కంకరరాళ్ళ మధ్య జిల్లేడు. దూదిరెక్కలు కట్టుకుని వచ్చిన విత్తనానికి మన్ను ఉందా, రాయి ఉందా అన్న పట్టింపు ఉన్నట్టు లేదు.

విష్ణుక్రాంత మాత్రం దొరకలేదు. గోరంత నీలిపువ్వు, నేలబారు మొక్క. నా చిన్నతనంలో ఈ సందు మట్టిసందే. వానలు పడ్డాక ఆ పూలు చూసి అడుగు పక్కకి వేసేవాళ్ళం. ఇప్పుడు ఈ గోడనుంచి ఆ గోడదాకా సిమెంటు. మనుమరాలు గంటసేపు వెతికింది. సెల్‌ఫోనులో బొమ్మ చూపించి, "ఇలా ఉంటుందా?" అని అడిగి ఊరుకుంది.

ఇక మిగిలింది రావి. అది మా ఇంటిమీదే ఉంది. మేడమీది నీళ్ళగొట్టం పక్కన, గోడలోంచి మొలిచింది. గోరింకలూ కోకిలలూ రావిపళ్ళు తిని ఎక్కడో వాలి రెట్ట వేస్తాయి. ఆవగింజలో సగంకూడా లేని ఆ విత్తుకి కాస్త తడి, ఒక పగులు చాలు. వేసవిలో మేస్త్రీ వచ్చి పగుల్లో వేలు పెట్టి చూపించాడు. "ఇలాగే ఒగ్గేస్తే గోడ రెండౌద్దండి బాబుగారూ!" అన్నాడు. మా ఆవిడ ఒప్పుకోలేదు. రావిని చంపిన ఇల్లు బాగుపడదంది. ఇల్లే లేకపోతే బాగుపడేదేమిటని నేను. నాలుగు నెలలు ఆ వాదన సాగింది. పగులు మాత్రం ఎవరి పక్షమూ వహించకుండా పెరిగింది.

చివరికి ఒడంబడిక కుదిరింది. చవితినాడు దాని ఆకే పూజకు కోశాం. ఆరుపత్రులు మా వీధివి, మిగతావి ఇరుగుపొరుగుల పెరళ్ళలోవి. మర్నాడు మేస్త్రీ ఉలితో గార విప్పి మొక్కను తీశాడు. మొక్క జానెడు. వేరు రెండు మూరలు తేలింది, అదీ కొస తెగిపోగా. తడిగోనెలో చుట్టి, కోటిలింగాల రేవు దాటి, చుట్టూ గోడలేమీ లేనిచోట గోదావరి గట్టున నాటాం. మా ఆవిడ రాగిచెంబుతో నీళ్ళు పోసింది.

నిన్న సాయంత్రం ఒక్కణ్ణే వెళ్ళి చూసివచ్చాను. ఆకులన్నీ రాలిపోయాయి. గోటితో గీసి చూశాను. లోపల పచ్చగానే ఉంది. గట్టున మేకలు తిరుగుతున్నాయి, ముళ్ళకంచె పట్టుకెళ్ళాలి.