సైలెన్సర్ మాహాత్మ్యం

మా హాస్టల్లో యమహా ఆర్‌ఎక్స్ 100కు ఉన్న గౌరవం వార్డెన్ గారికి కూడా లేదు! 1996లోనే తయారీ ఆగిపోయినా దానిమీద మోజు మాత్రం తగ్గలేదు. కొత్త హ్యాండిలు, మెరిసే అద్దాలు బిగిస్తే నాకూ ముచ్చటే. కానీ మిత్రులు సైలెన్సర్ లోపలంతా పీకించేసి, "ఎలా ఉరుకుతోందో చూడరా!" అంటారు. ఉరికేది చప్పుడే. టూస్ట్రోక్ ఇంజనుకు సైలెన్సరూ ఒక అవయవమే. అందులోంచి తిరిగొచ్చే పీడన తరంగం, జారిపోబోయే పెట్రోలు మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్లోకి నెడుతుంది. ఆ కొలతలు చెడితే లాగుడు తగ్గుతుంది. శబ్దం హద్దు దాటితే 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం జరిమానా కూడా తప్పదు. అన్నిటినీ మించి, ఆ మోతకు ఎదురింటి తాతగారు అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచి, గుండె పట్టుకుని వరండాలో కూర్చోవడం నేను చూశాను. సోదరులారా, బండికి ఎన్ని సోకులైనా చేయించండి, ఆయన్ని మాత్రం నిద్రపోనివ్వండి.