నర్సమ్మ అడిగిన మాట

1986లో నేను పదో తరగతి. మా చిన్నమామయ్య రాత్రిళ్లు నిద్రపోడు, తనలో తనే మాట్లాడుకుంటాడు. గాలి సోకిందని అమ్మమ్మ తాయెత్తు కట్టించింది. వెనక గదిలో ఉంచి బయట గొళ్లెం పెట్టేవాళ్లం. చాలాసార్లు పెట్టింది నేనే.

ఒకనాడు టీకాలు వేయడానికి వచ్చిన నర్సమ్మ ఆ గొళ్లెం చూసి, "లోపల ఎవరమ్మా?" అని అడిగింది.

మానసిక వైద్యులు ఊరూరికీ రాలేరు కదా! అందుకని బెంగళూరు నిమ్హాన్స్ వారు 1985 నుంచి మన బళ్లారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకూ, ఆరోగ్య కార్యకర్తలకూ ఈ జబ్బులను గుర్తించడం నేర్పారు. మా ఊరి డాక్టరుగారే మందులు రాశారు. నర్సమ్మ నెలనెలా వచ్చి, మాత్రలు మింగుతున్నాడా అని చూసేది. ఏడాది తిరిగేసరికి మామయ్య పొలం వెళ్లాడు.

ఈ బళ్లారి అనుభవంతోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో మొదలైంది.

మా బ్యాంకులోనూ అంతే. దొంగనోటును మొదట పట్టేది క్యాషియరే, నిపుణుడు కాదు. నేర్పితే చాలు.

మీ ఇంట్లో అలాంటి గొళ్లెం ఉంటే ఆశా కార్యకర్తతో చెప్పండి. టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. దాచకండి. మేం దాచి పోగొట్టుకున్నవి మామయ్య రెండేళ్లు.